మేనిచాయ పాఠము: ఒక విమర్శ

తల్లిదండ్రుల మేనిచాయ బిడ్డలకు ఏ రీతిని సంక్రమించును అను ప్రశ్న పాఠశాలకు రాకముందే ఇంటిలో పుట్టియున్నది. పురిటింటినుండి వార్త వచ్చినంతనే ఆడబిడ్డయా మగబిడ్డయా అని తెలిసికొన్న పిమ్మట చుట్టములు అడుగు రెండవ ప్రశ్న చాయను గూర్చినదియే. పసికందు చెవి అంచులు చూచి, పెరిగిన పిదప ఏ వన్నె తేలునో జోస్యము చెప్పు అవ్వలు ప్రతి యూరను గలరు. ఇంత దగ్గఱి విషయము జీవశాస్త్రమున పాఠమై వచ్చినప్పుడు, బఠానీ మొక్క ఎత్తును గూర్చిన పాఠమువలె అది వినువానికి వెలుపల నిలిచియుండదు. తరగతిలో కూర్చున్న ప్రతి బాలుడును, ప్రతి బాలికయు తన చేతివంక చూచుకొనుట సహజము. కావున ఈ పాఠమున ఒక మాట తప్పినను, ఒక పటము తొందరపడి గీచినను ఆ దోషము పరీక్షతో ముగియదు.

తెలుగు బోధించువానికి ఈ చర్చతో ఏమి పని యని కొందఱు అడుగవచ్చును. మాతృరాష్ట్రములకు వెలుపల నున్న తెలుగు బడులలో శాస్త్రము బోధించువారు పలువురు తమ చదువును కన్నడమునందో, తమిళమునందో, ఒరియాయందో, ఇంగ్లీషునందో ముగించి వచ్చినవారు. పారిభాషికపదము తెలుగున ఎట్లు చెప్పవలెనో తెలియనప్పుడు వారు తెలుగు ఉపాధ్యాయుని అడుగుట పరిపాటి. పదము చెప్పవలసినవాడు పదార్థమును కూడ కొంత తెలిసికొనక తప్పదు. ఆ విధముగా ఈ పాఠమును పలుమాఱులు చదువవలసి వచ్చిన ఒక భాషోపాధ్యాయుని పరిశీలన యిది. చెప్పదలచినది ఒక్కటే: ఇప్పుడు వాడుకలో నున్న పాఠము ఒక లెక్కను నేర్పుటకు మానవుని చర్మమును ఉదాహరణముగా వాడుకొనుచున్నది, చర్మమును గూర్చిన సత్యమును నేర్పుట లేదు. లెక్కకు వేఱు ఉదాహరణము కలదు. చర్మమునకు వేఱు పాఠము కావలయును.

పాఠమందున్నది

మన దేశమున విరివిగా చదువబడు జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలివారి పన్నెండవ తరగతి జీవశాస్త్రమున బహుజన్యు వారసత్వమునకు మేనిచాయ ఉదాహరణముగా ఇయ్యబడినది. మూడు జన్యువుల జతలు చాయను నిర్ణయించుచున్నవని అనుకొందము అని ఆ గ్రంథము ఆరంభించును. ప్రతి జన్యువునకు రెండు రూపములు: ఒకటి నలుపును చేర్చునది, మఱియొకటి చేర్చనిది. తండ్రినుండి మూడు, తల్లినుండి మూడు వచ్చును గాన బిడ్డకు మొత్తము ఆఱు. ఆఱును నలుపును చేర్చు రూపములే యైనచో చాయ అత్యంతము నల్లనిది, ఒక్కటియు లేనిచో అత్యంతము తెల్లనిది, మూడున్నచో నడిమిది. పరిసరముల ప్రభావమును గూడ గణింపవలెనని ఆ పుస్తకముననే యున్నది. గ్రంథకర్తలు ‘అనుకొందము’ అనిన మాటయు, పరిసరములను గూర్చిన మాటయు న్యాయముగా వారి పక్షమున చెప్పవలసినవి.

కాని పుస్తకమునుండి నల్లబల్లకును, నల్లబల్లనుండి నోటుపుస్తకమునకును దిగు దారిలో ‘అనుకొందము’ జారిపోవుచున్నది. మిగులునది, ‘మేనిచాయను మూడు జన్యువులు నిర్ణయించును’ అను నిశ్చయవాక్యము. పరీక్షలకై వెలువడు గైడు పుస్తకములు దానికి అరువదినాలుగు గడుల పటమును జోడించి, ఏడు తరగతుల చాయలు 1:6:15:20:15:6:1 నిష్పత్తిలో పుట్టునని వ్రాయును. విద్యార్థి ఆ నిష్పత్తిని కంఠస్థము చేయును. అది ఒక ఊహాచిత్రము అను సంగతి అతనికి చేరదు.

పేరొకటి, లెక్క వేఱొకటి

ఈ పాఠమున మొదటి దోషము పారిభాషికమైనది. నలుపును చేర్చు రూపమునకు ‘బహిర్గతము’ అనియు, చేర్చని రూపమునకు ‘అంతర్గతము’ అనియు పేర్లు పెట్టుచున్నారు. మెండెల్ బఠానీ పాఠమున ఈ రెండు పదములకును స్పష్టమైన అర్థము కలదు. జతలో ఒక్కటి యున్నను తన లక్షణమును పూర్తిగా వెలికి తెచ్చునది బహిర్గతము. తోడివాని చాటున దాగి యుండునది అంతర్గతము. ఒక పొడవు రూపము, ఒక పొట్టి రూపము గల మొక్క, రెండును పొడవు రూపములే గల మొక్కంత పొడవుగా పెరుగును.

మేనిచాయ లెక్కలో ఇట్టిది లేదు. అక్కడ ప్రతి రూపమును తన వంతు చేర్చును. ఒక్కటి యున్నచో ఒక వంతు, రెండున్నచో రెండు వంతులు. ఏదియు దేని చాటునను దాగదు. ఈ భేదమును లెక్కవేసి చూడవచ్చును. మన లిపిలో పెద్దక్షరము, చిన్నక్షరము అను భేదము లేదు గనుక మూడు జన్యువులను క, చ, ట అనుకొని, నలుపును చేర్చు రూపమునకు 1, చేర్చనిదానికి 0 అని గుర్తు పెట్టుదము. తల్లియు తండ్రియు ఇరువురును క1క0 చ1చ0 ట1ట0 అయినచో, వంతులు కూడు పద్ధతిని అరువదినాలుగు గడులలో ఒక్క గడి మాత్రమే అత్యంతము నల్లనిది. బహిర్గతమను మాటను అక్షరాల నమ్మితిమా, ప్రతి జతలోను ఒక్క 1 యున్నచాలును; అప్పుడు అరువదినాలుగింట ఇరువదియేడు గడులు అత్యంతము నల్లనివి కావలెను. తరగతులు ఏడునకు బదులు నాలుగే మిగులును. నిష్పత్తి 27:27:9:1 అగును. ఒకే వాక్యమున బహిర్గతమనియు, ఏడు తరగతులనియు చెప్పుట పొసగదు. ఆ వాక్యమును అర్థము చేసికొన యత్నించిన తెలివిగల పిల్లవాడు చిక్కుపడును. యత్నింపక బట్టీ పట్టినవానికి మార్కులు వచ్చును.

ఈ పదదోషమునకు తరగతిలో మఱియొక ఫలితము కలదు. బహిర్గతము నలుపు, అంతర్గతము తెలుపు అని విన్న బాలుడు, నలుపు బలమైనది, తెలుపును మ్రింగివేయునది, కావున ఇంటిలో ఒక్కరు నల్లనివారున్నను వంశమంతయు నల్లబడునని భావించును. పెండ్లిచూపులలో విను మాటయే ఇది. ఇంటిమాటను దిద్దవలసిన పాఠము దానికి శాస్త్రపు ముద్ర వేసి తిరిగి యింటికే పంపుచున్నది.

చూచి చెప్పలేని సంగతి

ఈ ఊహాచిత్రమునుండియే నేర్పదగిన ఒక మేలైన సంగతి యున్నది. అది తఱచుగా విడిచిపెట్టబడుచున్నది. పైన చెప్పిన తల్లిదండ్రులు ఇరువురును మూడేసి వంతులు గలవారు. చూచుటకు నడిమి చాయవారు. వారి బిడ్డలు సున్న మొదలుకొని ఆఱువఱకు ఏ తరగతియందైనను పుట్టవచ్చును. ఇప్పుడు మఱియొక దంపతులను తీసికొందము. ఇరువురును క1క1 చ1చ0 ట0ట0. వీరికిని మూడేసి వంతులే. చూచుటకు మొదటి దంపతులవలెనే యుందురు. కాని వీరి బిడ్డలు రెండు, మూడు, నాలుగు తరగతులలోనే పుట్టుదురు. అనగా చాయనుబట్టి జన్యువుల కూర్పును చెప్పలేము. తల్లిదండ్రుల చాయనుబట్టి బిడ్డ చాయను నిశ్చయింపలేము.

మూడు జతలు మాత్రమే యనుకొన్నప్పుడే ఇంత వైవిధ్యమున్నచో, నిజముగా నున్న అనేక జతలతో చెప్పవలసిన దేమున్నది? తల్లికంటెను తండ్రికంటెను నల్లగా బిడ్డ పుట్టిన యింట ఆ తల్లి పడు మాటలు మనమెఱుగనివి కావు. ఇరువురు అక్కచెల్లెండ్రలో ఒకతె పచ్చగా, ఒకతె నల్లగా ఉన్నచో నల్లని పిల్లను ‘ఎవరి పోలిక?’ అని నవ్వుచు నడుగువారును గలరు. తల్లిదండ్రుల ఇరువురికంటెను నల్లని బిడ్డయు, ఇరువురికంటెను పచ్చని బిడ్డయు పుట్టుట సర్వసాధారణమని, అందు శంకింపదగిన దేమియు లేదని ఈ పాఠము గట్టిగా చెప్పగలదు. చెప్పవలసిన ఆ వాక్యము ఒక్కటి పుస్తకమున లేకపోవుటకంటె పెద్ద లోపము నాకు కనబడలేదు.

ఆ పటము పుట్టిన చోటు

గడుల పటము చర్మమునుండి పుట్టలేదు, గోధుమనుండి పుట్టినది. స్వీడను దేశమున నీల్సన్-ఏలె అను శాస్త్రజ్ఞుడు ఎఱ్ఱగింజల గోధుమను తెల్లగింజల గోధుమతో కలిపి, ఒక్క లక్షణమును పలు జతల జన్యువులు కలిసి నిర్ణయింపగలవని 1909లో ప్రకటించెను. మూడు జతలున్నచోట అరువదిమూడు గింజలు ఏదో యొక పాళ్ళ ఎఱుపు గలవి, ఒక్కటి మాత్రము తెల్లనిది. అక్కడ ఆ లెక్క సత్యము. నాటి, కోసి, ఎంచి చూడవచ్చును.

దానిని మానవునికి తెచ్చినవారిలో ముఖ్యుడు అమెరికాకు చెందిన చార్లెస్ డావెన్‌పోర్ట్. బెర్ముడా, జమైకా మొదలగు ప్రాంతములలో ఆఫ్రికా సంతతివారికిని ఐరోపా సంతతివారికిని పుట్టిన కుటుంబములను గూర్చి సమకూర్చిన వివరములతో 1913లో అతడు గ్రంథము ప్రకటించెను. చాయను కొలుచుటకు వాడిన సాధనము ఒక రంగుల బొంగరము: నలుపు, ఎఱుపు, పసుపు, తెలుపు కాగితపు బిళ్ళలను బొంగరముపై అమర్చి త్రిప్పి, కలిసిపోయిన రంగు చర్మముతో సరిపోలు వఱకు బిళ్ళలను సవరించుట. ఆ కొలతలనుండి అతడు రెండు జతల జన్యువులు, ఐదు తరగతులు, 1:4:6:4:1 నిష్పత్తి అను నిర్ణయమునకు వచ్చెను. ఇదే డావెన్‌పోర్ట్ 1910లో కోల్డ్ స్ప్రింగ్ హార్బరునందు స్థాపింపబడిన సుజననశాస్త్ర కార్యాలయమునకు అధిపతి. జాతుల కలయిక హానికరమను తలంపును సమర్థింపజూచిన జమైకా గ్రంథమును స్టెగర్డాతో కలిసి 1929లో వెలువరించెను. ఒకని అభిప్రాయములు దుష్టములైనంత మాత్రమున అతని లెక్క తప్పు కానక్కఱలేదు. కాని మనుష్యులను ఐదు గడులలో సర్దు ఆత్రము ఎక్కడనుండి వచ్చినదో ఉపాధ్యాయుడు తెలిసికొని యుండుట మంచిది.

శాస్త్రము అక్కడనే ఆగలేదు. పలు జన్యువులు కొంచెము కొంచెముగా చేర్చుటవలన ఎడతెగని క్రమభేదము ఏర్పడునని ఆర్. ఏ. ఫిషర్ 1918లో గణితముతో నిరూపించెను. 1964లో హారిసన్, ఓవెన్ అను ఇరువురు ఇంగ్లండులో చర్మమునుండి వెనుకకు మఱలు కాంతిని యంత్రముతో కొలిచి, మూడు నాలుగు కారకములు పనిచేయుచున్నట్లు అంచనా వేసిరి. అట్టి అంచనాలు, అన్ని కారకములును సమానముగా పనిచేయునని అనుకొని వేసినవి. అనగా కనీసపు లెక్కలు. ‘మూడుకు తక్కువ కాదు’ అనుటకును ‘మూడే’ అనుటకును గల దూరము భాష నేర్చిన ప్రతివానికిని తెలిసినదే.

మఱియొక సంగతి. ఆ కొలతలన్నియు ఐరోపా, ఆఫ్రికా సంతతుల కలయికవలన పుట్టిన కుటుంబములవి. ఆ పటమున నడిమి చాయ అనునది రెండు కొనల కలయిక. అదే పటమును తెలుగు పిల్లలయెదుట పెట్టి, చామనచాయ కలవాడు మూడవ తరగతివాడనినచో, తాను ఎవరో నల్లవారికిని తెల్లవారికిని పుట్టిన మిశ్రమమని వానికి తోచును. దక్షిణభారతీయుల చాయ ఆ పటమునకు లోబడినది కాదు.

ఇప్పుడు తెలిసినది

మేనిచాయకు ముఖ్యమైన మూలము మెలనిన్ అను ద్రవ్యము. చర్మపు పైపొర అడుగుభాగమున నుండు మెలనోసైటులను కణములు దానిని చిన్న తిత్తులలో తయారుచేసి చుట్టునున్న కణములకు అందించును. నల్లనివారియందును తెల్లనివారియందును ఈ కణముల సంఖ్య ఇంచుమించు సమానమే. తిత్తుల పరిమాణము, సంఖ్య, అమరిక, వానిలోని మెలనిన్ రకము అనువానియందే భేదము. మెలనిన్ రెండు విధములు: నలుపు, గోధుమవన్నెల కలయికది ఒకటి, ఎఱుపు, పసుపుల కలయికది మఱియొకటి.

2005లో పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయమునకు చెందిన కీత్ చెంగ్ బృందమువారు జీబ్రా చేప అను చిన్న మంచినీటి చేపలో లేతవన్నె రకమును పరిశోధించి ఎస్‌ఎల్‌సి24ఏ5 అను జన్యువును గుర్తించిరి. మానవులలో ఈ జన్యువువలన తయారగు ప్రోటీనున 111వ స్థానమునందు అలనీనునకు మాఱుగా థ్రియొనీను వచ్చినచో చాయ లేతవడును. ఐరోపావారి లేతచాయకు ఇది ముఖ్యకారణములలో నొకటి. తూర్పు ఆసియావారి లేతచాయకు ఇది కారణము కాదు. అది వేఱు దారిని వచ్చినది. పటమున ‘సున్న’ తరగతి ఒక్కటే. ప్రకృతియందు ఆ సున్నకు పలు త్రోవలు గలవు.

మనకు మిక్కిలి దగ్గఱిది 2013 నాటి పరిశోధన. చందన బసు మల్లిక్ మొదలగువారు హైదరాబాదునందలి కణ, అణు జీవశాస్త్ర కేంద్రపు శాస్త్రజ్ఞులతో గూడి దక్షిణభారతమునకు చెందిన 1,228 మంది చాయను యంత్రముతో కొలిచి, జన్యువులతో సరిచూచిరి. ఆ సమూహమున చాయలోని భేదమునందు ఇంచుమించు 27 శాతము ఈ ఒక్క జన్యువువలననే యని తేలినది. ఉపఖండమందలి 54 జనసమూహములకు చెందిన 1,573 మందిని పరిశీలింపగా, లేతచాయను కలిగించు ఆ రూపము విస్తారముగా ఉన్నదనియు, దాని పాళ్ళు సమూహమునుబట్టి మాఱుచున్నవనియు కనబడినది. మనయందున్న ఆ రూపమును, ఐరోపావారియందున్న రూపమును ఒకే మూలమునుండి వచ్చినవి. ఆ మూలము 22,000 నుండి 28,000 సంవత్సరముల వెనుకటిదని వారి అంచనా.

2017లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయపు సారా టిష్కాఫ్ బృందమువారు ఇథియోపియా, టాంజానియా, బోట్స్వానా దేశముల ప్రజలను పరిశీలించిరి. నలుపును కలిగించు రూపములును, లేతచాయను కలిగించు రూపములును ఆఫ్రికాలోనే యున్నవనియు, వానిలో కొన్ని ఆధునిక మానవుడు అవతరించుటకంటె పూర్వమైనవనియు వారు చూపిరి. ఆఫ్రికాలో నలుపును కలిగించు కొన్ని రూపములు దక్షిణాసియావారియందును, ఆస్ట్రేలియా, మెలనేషియా వాసులయందును అవే వంశక్రమముతో ఉన్నవి. 2023లో ప్రకటింపబడిన మఱియొక పరిశోధనయందు, కణములలో మెలనిన్ తయారీతో సంబంధము గల 169 జన్యువులు లెక్కకు వచ్చినవి. వానిలో 135 అంతకు ముందు ఈ విషయమున తెలియనివి.

దీనినిబట్టి పాఠముయొక్క మూడు స్తంభములును కదలినవి. జన్యువులు మూడు కావు. వాని పాలు సమానము కాదు. ఒక్కటి పెద్ద భాగమును మోయును, పెక్కులు కొంచెము కొంచెము మోయును. నలుపు ఒక కొన, తెలుపు ఒక కొనగా, ఒక్కొక్క కొన ఒక్కొక్క జాతికి సొంతమను చిత్రమును నిలువదు. రెండు విధముల రూపములును మానవకుటుంబమున మిక్కిలి పురాతనకాలమునుండి కలగలిసి యున్నవి.

మాటలు మోయు బరువు

ఇక భాష. ‘వర్ణము’ అను పదమునకు రంగు, అక్షరము, చాతుర్వర్ణ్యమందలి వర్గము అని పలు అర్థములు. జీవశాస్త్రమున రెండు రకముల జీవులను కలుపుటకు ‘సంకరణము’ అని పేరు. ఈ రెండును ఒకే వాక్యమున చేరినంతనే ‘వర్ణసంకరము’ స్ఫురించును. ధర్మశాస్త్రములలో అది నిందావాచకము. భగవద్గీత మొదటి యధ్యాయమున అర్జునుడు భయపడినదియు దానికే. జన్యుశాస్త్రమునకు ఆ నిందతో సంబంధము లేదు. అయినను ‘చర్మవర్ణ సంకరణము’ అను సమాసమును చదువు బాలునికి శాస్త్రముకంటె ముందు నింద చేరును. ‘మేనిచాయ’ యను చక్కని తెలుగుమాట యుండగా ఈ సమాసము అనవసరము. ‘జాతి’ యను మాటయు ఇట్టిదే. ఆవుజాతి, తెలుగుజాతి, నల్లజాతి, కులము అను నాలుగింటికి ఒకే పదమును వాడుచున్నాము. ఈ పాఠమున దానిని విడిచి ‘జనసమూహము’ అనుట మేలు.

నలుపు తెలుపుల నిచ్చెన మన భాషకు సహజమైనది కాదు. లేతచాయవానిని తెలుగువాడు ‘ఎఱ్ఱగా నున్నాడు’ అనును. అమ్మాయిని ‘పచ్చగా దబ్బపండువలె నున్నది’ అనును. మన పొరుగువారి వాడుకయు అట్లే యున్నది. తమిళులు లేతచాయను సివప్పు అనగా ఎఱుపు అందురు, నడిమి చాయను మానిఱం అందురు. కన్నడిగులు ఎణ్ణెగెంపు అని నూనెమెఱుగు గల ఎఱుపును చెప్పుదురు. మహారాష్ట్రులకు గోరాతోబాటు సావళా యున్నది. ఆ సావళాయు, మన చామనచాయలోని ‘చామ’యు శ్యామశబ్దముయొక్క బిడ్డలే. ఎఱుపు, పసుపు, నలుపు కలిసిన వన్నెలను కన్ను చూచినట్లు చెప్పిన మాటలివి. శాస్త్రము తెలిసి పెద్దలు వీనిని కూర్చిరని నేననను. కాని ఒక్క నిచ్చెనపై ఏడు మెట్లు గీచిన పటముకంటె ఈ మాటలు చర్మమునకు దగ్గఱగా నున్నవి.

ఇతిహాసములయందు రాముడు నీలమేఘశ్యాముడు. ద్రౌపదికి కృష్ణ యను పేరు ఆమె చాయవలన వచ్చినది. ఈ గౌరవము పుస్తకములలో నుండగా, ఆటస్థలమున నల్లని పిల్లకు వినబడునవి బొగ్గు, కాకి, తారుడబ్బా. పెండ్లి ప్రకటనలయందు మొదటి పంక్తి చాయదే. 1975నుండి మన దేశమున అమ్ముడగుచున్న ప్రసిద్ధమైన చాయ లేపనము ఒకటి 2020లో తన పేరులోని ‘ఫెయిర్’ అను మాటను తీసివేసికొన్నది. లేపనముల కోరిక మాత్రము అంగళ్ళలో నట్లే యున్నది. ఇట్టి వాతావరణమున నిచ్చెన పటము నిర్దోషమైన లెక్కగా తరగతిలో ప్రవేశింపదు. అందు తాను ఏ మెట్టున నున్నానో ప్రతి పిల్లయు వెదకుకొనును.

బోధింపవలసిన తీరు

రెండు ఆక్షేపణలకు సమాధానము చెప్పవలసి యున్నది. మొదటిది: బాలురకు చెప్పునప్పుడు విషయమును సరళము చేయక తప్పదు, మెండెల్ బఠానీయు సరళమైనదే గదా యని. నిజమే; కాని బఠానీని గూర్చి చెప్పిన సరళవాక్యము బఠానీ విషయమున సత్యము. మేనిచాయను గూర్చి చెప్పిన సరళవాక్యము మేనిచాయ విషయమున సత్యము కాదు. రెండవది: ఇంత చిక్కున్నచో ఈ పాఠమును తీసివేయుట మంచిది గదా యని. తీసివేసినచో ఇంటిలోని పాఠము ఒక్కటే మిగులును. గర్భిణికి కుంకుమపువ్వు కలిపిన పాలు త్రాగించినచో బిడ్డ పచ్చగా పుట్టుననువారికి, నల్లని కోడలివలన వంశము నల్లబడుననువారికి ప్రత్యుత్తరమిచ్చునది ఉండదు.

కావున నా సూచనలివి. బహుజన్యు వారసత్వముయొక్క లెక్కను గోధుమతోనే నేర్పవలెను. గడుల పటము, నిష్పత్తి, పరీక్షప్రశ్న అన్నియు గోధుమకు చెందవలెను. ‘బహిర్గత’, ‘అంతర్గత’ పదములను ఒకటి మఱియొకదానిని మఱుగుపఱచు చోటనే వాడి, వంతులు కూడు చోట ‘చేర్చు రూపము’, ‘చేర్చని రూపము’ అనవలెను. పెద్దక్షర చిన్నక్షరములకు మాఱుగా 1, 0 గుర్తులు పెట్టినచో మన లిపికిని సరిపోవును, పెద్దది గొప్పది యను భ్రాంతియు తొలగును.

పిమ్మట మేనిచాయను వేఱొక పాఠముగా, లెక్క లేకుండ చెప్పవలెను. మెలనిన్ ఎండకు గొడుగు వంటిదని, తీక్ష్ణమైన సూర్యకిరణములనుండి శరీరమందలి ఫోలేటును కాపాడుననియు, ఎండ తక్కువైన దేశములలో విటమిన్ డి తయారగుటకు లేతచాయ తోడ్పడుననియు నీనా జబ్లాన్‌స్కీ, జార్జి చాప్లిన్ 2000లో ప్రతిపాదించిన విధమును వివరింపవలెను. ఏ అక్షాంశమున ఎంత ఎండయో దేశపటముపై చూపినచో, చాయ గొప్పతనమునకు గుర్తు కాదనియు, ఎండతో శరీరము చేసికొన్న ఒడంబడిక యనియు పిల్లలకు బోధపడును. పొలమున పనిచేయువాని ముంజేయి వేఱు చాయ, చంక దగ్గఱ చేతి లోపలివైపు వేఱు చాయ. శాస్త్రజ్ఞులు లోపలివైపునే కొలుచుట ఇందువలననే. పుట్టిన శిశువు లేతగా కనబడి కొన్ని నెలలకు తన చాయను తేల్చుకొనుటయు సహజమే. జన్యువుల కూర్పు గర్భాధానవేళకే ముగియును. తరువాత త్రాగిన పాలకు దానిని మార్చు శక్తి లేదు.

అన్నిటికంటె ముఖ్యమైన నియమము ఒకటి. తరగతిలోని ఏ బాలుని, ఏ బాలిక చాయను ఉదాహరణముగా చూపరాదు. అన్నదమ్ములను, అక్కచెల్లెండ్రను ప్రక్కప్రక్కన నిలువబెట్టరాదు. ‘మీ యింటిలో ఎవరు నలుపు?’ అని వ్రాయించు పనిపట్టికలు ఇయ్యరాదు. దానికి బదులు, తల్లిదండ్రులు ఇరువురికంటెను భిన్నమైన చాయతో బిడ్డ పుట్టుట సహజమను వాక్యమును నల్లబల్లమీద వ్రాసి, కారణము వివరించి, పిల్లలచేత నోటుపుస్తకమున వ్రాయింపవలెను. ఆ నోటుపుస్తకము ఇంటికి చేరును. అక్కడ దానిని చదువవలసినవారు, వినవలసినవారు గలరు.

తెలుగునాట రచింపబడు పుస్తకములను తెప్పించుకొనియో, ఉన్నచోటి భాషనుండి తెనిగించుకొనియో మన బడులు నడచుచున్నవి. తెనిగించు పని చేతిలోనికి వచ్చినప్పుడెల్ల మూలమందలి దోషమును దిద్దు అవకాశమును చేతికి వచ్చుచున్నది. శాస్త్రోపాధ్యాయులును భాషోపాధ్యాయులును కూర్చుండి ఈ ఒక్క పాఠమునైనను తిరిగి వ్రాసికొనవలెనని విజ్ఞులైన పాఠకులకు మనవి చేయుచున్నాను.